అక్క మాట్లాడే తెర

జబ్బు మొదలైన నాలుగో ఏటికి అక్క ఒంట్లో అక్క చెప్పినట్టు వినేవి రెండే మిగిలాయి. ఒకటి కనుబొమ్మలతో సహా కళ్లు, రెండోది కుడిచేతి చూపుడువేలు. అది నరాల జబ్బు. కాళ్లతో మొదలై, చేతులకు పాకి, చివరికి నాలుకను కూడా పట్టుకుంది. మింగడం కష్టమయ్యాక పొట్టలోకి గొట్టం వేశారు. మాట పోయాక ఆ వేలి కింద ఒక మీట పెట్టారు.

మీట నుంచి వచ్చిన వైరు మంచం పక్కన బల్ల మీదున్న లాప్‌టాప్‌లోకి వెళ్తుంది. తెర మీద అక్షరాలు వరసలుగా ఉంటాయి. ఒక పసుపు పట్టీ పై వరస నుంచి కింది వరసకు మెల్లగా దిగుతూ ఉంటుంది. కావలసిన వరస మీదికి రాగానే మీట నొక్కితే పట్టీ ఆ వరసలో ఒక్కో అక్షరం మీదుగా నడుస్తుంది. మళ్లీ నొక్కితే అక్షరం పడుతుంది. మాట పూర్తయ్యాక లాప్‌టాప్ దాన్ని పైకి చదువుతుంది. అందులో ఉన్నది ఒక్కటే గొంతు, అదీ మగగొంతు. ఇంట్లో ఇప్పుడు ఇద్దరు మొగుళ్లమయ్యాం అని బావ మొదట్లో నవ్వించేవాడు. బావ సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీకి వెళ్లినప్పుడు అక్క దగ్గర ఆయా ఉండేది. సెలవు రోజుల్లో తమ్ముడు వచ్చి కూర్చునేవాడు.

మంచాన పడకముందు అక్క ఒక అచ్చాఫీసులో పదిహేడేళ్లు ప్రూఫులు దిద్దింది. తమ్ముడు అదే అచ్చాఫీసులో కంప్యూటర్లో పేజీలు కట్టే పని చేసేవాడు. అతన్ని ఇంట్లో అందరూ మెకానిక్ అనేవాళ్లు. చిన్నప్పుడు గోడ గడియారం విప్పి, తిరిగి బిగించలేక, ముక్కలన్నీ అటక మీద దాచినందుకు అక్క పెట్టిన పేరు అది. వీడికి విప్పడమే వచ్చు, బిగించడం రాదు అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

ఆ లాప్‌టాప్ పాతది. ఒక్కో మాటకు అయిదు నిమిషాలు కష్టపడే మనిషి ముందు అది ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. మళ్లీ కదలాలంటే ఆపి, తిరిగి ఆన్ చేసి పెట్టాల్సిందే. అప్పటిదాకా రాసింది గాల్లో కలిసిపోయేది.

ఆ నెల మొదట్లో డాక్టరు ఇంటికి వచ్చి చూశాడు. ఊపిరి పీల్చే కండరాలు కూడా బలం కోల్పోతున్నాయని చెప్పాడు. మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం పెడితే మిషన్ ఊపిరి పోస్తుంది. చాలాకాలం బతకొచ్చు. అయితే మంచం మీదనే, మిషన్‌తోనే. ఒకసారి పెట్టాక తీసెయ్యడం అంత తేలిక కాదు. వద్దనుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు నొప్పి తెలియకుండా చూసుకునే పద్ధతి వేరే ఉంది. ఏదైనా ఆమే చెప్పాలి, చెప్పగలిగినప్పుడే చెప్పాలి అన్నాడు. బావ తల వంచుకుని నిలబడ్డాడు. అక్క పావుగంట మీట నొక్కింది. లాప్‌టాప్ చదివింది.

"రెండు వారాల్లో రాసి ఇస్తాను."

ఆ మర్నాటి నుంచి అక్క తెరను గోడవైపు తిప్పించుకుని రాయడం మొదలుపెట్టింది. ఎవరినీ చూడనివ్వలేదు. ఒక మంగళవారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా రాసింది. ఆయా అన్నం తిని వచ్చేసరికి పసుపు పట్టీ మూడో వరస మీద ఆగిపోయి ఉంది. అక్క కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. వాటిని తుడుచుకోవడానికి ఆమెకు చెయ్యి లేవదు. ఆయా తుడిచి, తమ్ముడికి ఫోన్ చేసింది. లాప్‌టాప్ ఆపి పెట్టారు. రాసింది ఒక్క ముక్క మిగల్లేదు.

అప్పుడే తమ్ముడు నిర్ణయించుకున్నాడు. అచ్చాఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఆవిడ ఎన్నాళ్ల నుంచో చెబుతూనే ఉంది, పాత లాప్‌టాప్‌కు లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టం వేస్తే తేలిగ్గా నడుస్తుందని, అక్షరాల పట్టీ ప్రోగ్రాం అందులో కూడా ఉందని. అతను అక్క ముందు కూర్చుని విషయమంతా చెప్పి, వెయ్యనా అని అడిగాడు. అక్కకు అవునంటే రెప్పలు గట్టిగా మూయడం, కాదంటే చూపు పక్కకు తిప్పడం. అక్క కాసేపు అతన్నే చూసి, వేలు కదిపింది.

"బిగించడం వచ్చా?"

"ఈసారి వచ్చక్కా," అన్నాడు తమ్ముడు. "శనివారం మధ్యాహ్నానికి నీ చేతిలో పెడతాను."

అక్క రెప్పలు మూసింది.

శనివారం పొద్దున్నే వచ్చాడు. లాప్‌టాప్‌ను వంటింటి బల్ల మీద పెట్టుకున్నాడు. ముందు కొత్తదాన్ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూశాడు. తెర శుభ్రంగా వచ్చింది. పట్టీ నీళ్లలా జారింది. అక్క మంచం దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తే ఆమె కళ్లు వెలిగాయి. ఆ ధైర్యంతో పాతదంతా చెరిపి కొత్తది ఎక్కించాడు. తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డుకు దాన్ని నడిపే ప్రోగ్రాం, అంటే కంపెనీ డ్రైవరు కూడా వెయ్యమంటావా అని అది అడిగితే, మంచిదే కదా అని సరే అన్నాడు. ఒక పాస్‌వర్డ్ పెట్టమంటే పెట్టాడు. అంతా అయ్యాక లాప్‌టాప్ ఆగి మళ్లీ మొదలైంది. మధ్యలో ఒక నీలం తెర వచ్చి, నాలుగు వరసలు చూపించి, ఏదో ఒకటి ఎంచుకోమంది. పై వరసలో "కొనసాగించు" అని ఉంది. అతను కొనసాగించాడు.

తర్వాత తెర నల్లబడింది.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. కీబోర్డు దీపం వెలుగుతోంది. తెర మాత్రం బావిలా ఉంది. ఆపి పెట్టాడు. మళ్లీ నలుపే. పదిసార్లు ఆపి పెట్టాడు. రెండింటికి ఆయా వచ్చి, అమ్మగారు గుమ్మం వైపే చూస్తున్నారని చెప్పింది. అతను లోపలికి వెళ్లి చిన్న ఇబ్బంది వచ్చిందని, సాయంత్రానికి అయిపోతుందని చెప్పాడు. అక్క రెప్పలు మూసింది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన బావ ఏమైందని అడిగితే, గ్రాఫిక్స్ డ్రైవరు ఎక్కడం లేదన్నాడు.

"డ్రైవరు లేకపోతే చెప్పాలి గదయ్యా, నేనున్నాగా," అన్నాడు బావ.

అక్క మొహంలో నవ్వు రాదు. కళ్ల కింద చిన్న ముడత పడుతుందంతే. ఆ ముడత పడింది. తమ్ముడికి మాత్రం నవ్వు రాలేదు.

ఆదివారం ఫోన్‌లో వెతికాడు. ఎక్కడెక్కడి వాళ్లో అదే నల్ల తెర ముందు కూర్చుని మొరపెట్టుకున్న ఉత్తరాలు కనిపించాయి. కొందరికి జవాబులున్నాయి, కొందరికి లేవు. ఒక జవాబు పట్టుకుని, మెషిన్ మొదలయ్యేటప్పుడు వచ్చే మెనూలోకి వెళ్లి, అక్కడున్న పొడుగాటి ఆజ్ఞ చివర, కార్డును పక్కనపెట్టి తెర చూపించమని "నోమోడ్‌సెట్" అని చేర్చాడు. తెర వచ్చింది. కాని ఆ వచ్చిన తెర వేరు. అక్షరాలు లావెక్కి, అంచులు పలిగి, పక్కలకు సాగి ఉన్నాయి. వెలుగు ఎక్కువ తక్కువ చెయ్యడానికి లేదు. పసుపు పట్టీ జారడం లేదు, గెంతుతోంది. ఒక చోట ఆగి, ఆగి, ఒక్కసారిగా రెండు వరసలు దూకుతోంది.

అయినా అక్క ముందు పెట్టాడు. అక్క మొదలుపెట్టింది. పట్టీ కావలసిన వరస మీద కనిపించినప్పుడు నొక్కేది. ఆమె నొక్కేసరికి లోపల అది ఎప్పుడో కింది వరసకు వెళ్లిపోయి ఉండేది. "త" కావాలంటే "ప" పడేది. చెరపడానికి వెళ్తే చెరిపే గడి దాటిపోయి ఇంకో అక్షరం పడేది. గంట గడిచేసరికి తెర మీద ఏ భాషకూ చెందని పదకొండు అక్షరాలు ఉన్నాయి. ఒక్క కొమ్ము తేడా వస్తే పదహారు పేజీల ఫారమంతా వెనక్కి పంపిన మనిషి తన చేత్తో పడిన ఆ పదకొండు అక్షరాలను చాలాసేపు చూసింది. లాప్‌టాప్ తనంతట తాను వాటిని పైకి చదివింది. ఆ మగగొంతు అర్థంకాని అరుపేదో అరిచింది. ఆయా ఉలిక్కిపడింది. అక్క కళ్లు మూసుకుంది. అది అవుననడం కాదు. చాలు అనడం.

బావ ఒక అట్ట మీద అక్షరాలన్నీ రాసి తెచ్చాడు. తను ఒక్కో అక్షరం చూపిస్తానని, కావలసింది వచ్చినప్పుడు రెప్ప మూస్తే చాలని చెప్పాడు. అక్క మొదటి అక్షరం చూపించింది, రెండోది చూపించింది. మూడోది వచ్చేలోగా బావ మాట అందుకున్నాడు. నీళ్లా? నిద్రా? నీరసంగా ఉందా? మంచితనం కొద్దీ చేసిన పనే. అక్క చూపు పక్కకు తిప్పేసింది. తమ్ముడు అట్ట తీసుకుని, నేను ఊహించనక్కా, నువ్వు చెప్పేదాకా ఆగుతాను అన్నాడు. అక్క ఆ అట్టను చూసింది, బావను చూసింది, తర్వాత అతన్ని చూసింది. మళ్లీ చూపు తిప్పేసింది. ఆమె రాయాలనుకున్నది ఇంకొకరి వేలు పట్టుకుని, వాళ్ల మొహం చూస్తూ, అక్షరం అక్షరం చెప్పే మాట కాదని అతనికి అప్పుడు అర్థమైంది.

"తెర బాగుచెయ్యమంటావా?" అని అడిగాడు.

రెప్పలు మూసింది. గట్టిగా, చాలాసేపు.

సోమవారం లాప్‌టాప్‌ను చంకన పెట్టుకుని పనికి వెళ్లాడు. ఆ వారం ఒక పాఠ్యపుస్తకం అచ్చుకు వెళ్లాలి. పేజీలు కడుతూనే పక్కన దాన్ని పెట్టుకుని ఒక డ్రైవరు తీసి ఇంకోటి వేశాడు. నలుపు. పాత డ్రైవరు వేశాడు. నలుపు. మొదట్లో పెన్‌డ్రైవ్ నుంచి బాగా నడిచిన డ్రైవరునే మళ్లీ రప్పించాలని చూస్తే, కొత్తది దాన్ని మెషిన్‌లోకి రానివ్వకుండా తలుపు వేసి కూర్చుంది. ఆ తలుపు తెరవడానికి ఎవరో రాసిన నాలుగు ఆజ్ఞలు కొడితే, ఆ చెడ్డ తెర కూడా రావడం మానేసింది. మధ్యాహ్నం అన్నం సహించలేదు. కాగితాలు కోసే మిషన్ వెనక నిలబడి, అరచేతులతో మొహం కప్పుకుని, నా చేతులు విరిగిపోనూ అనుకున్నాడు. అక్కకు మిగిలిన ఒకే ఒక్క నోరు అది. దాన్ని తనే విప్పాడు.

కంప్యూటర్లు చూసుకునే ఆవిడ సెలవులో ఉండి మంగళవారం వచ్చింది. అతను చెప్పిందంతా మొదటి నుంచి వింది. నీలం తెర దగ్గర ఆపింది.

"దాంట్లో ఏముంది?"

"నాలుగు వరసలున్నాయి. కొనసాగించు అంటే నొక్కాను."

"చదవకుండా నొక్కావా?"

ఆవిడ వివరించింది. లోపలికి వచ్చే ప్రతి డ్రైవరుకూ సంతకం ఉండాలని ఈ మెషిన్‌కు ఒక పట్టింపు ఉంది. కొత్త డ్రైవరు సంతకాన్ని ఒప్పుకుంటావా అని అడగడానికే ఆ నీలం తెర వస్తుంది. రెండో వరస నొక్కి, పెట్టుకున్న పాస్‌వర్డ్ ఇస్తే ఒప్పుకున్నట్టు. కొనసాగించు అంటే వద్దన్నట్టు. అందుకే డ్రైవరు గుమ్మం బయటే ఉండిపోయింది. తర్వాత వేసినవన్నీ కూడా అంతే. అయిదు నిమిషాల పని అది. ఇప్పుడు నువ్వు లోపల చాలా కెలికావు కాబట్టి మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం మేలు అంది.

బుధవారం అతను సెలవు పెట్టాడు. పొద్దున్నే మళ్లీ మొదటి నుంచి ఎక్కించాడు. నీలం తెర వచ్చింది. ఈసారి అందులోని ప్రతి మాటనూ, కింద చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని కూడా, వేలు పెట్టి చదివాడు. రెండో వరస. పాస్‌వర్డ్. అవును. మెషిన్ మళ్లీ మొదలైంది. పదకొండు గంటలకు తెర పూర్తిగా, నిండుగా, అంచులు తెగకుండా వచ్చింది. అక్షరాలు అచ్చులో పడినట్టు ఉన్నాయి. పసుపు పట్టీ నీళ్లలా జారింది. అతను ఆ వంటింట్లో నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

తెరను గోడవైపు తిప్పి, మీటను అక్క వేలి కింద పెట్టి, పక్కకు వచ్చి నిలబడ్డాడు. పట్టీ పై నుంచి కిందికి దిగింది. మళ్లీ పైనుంచి మొదలైంది. మీట టక్కుమనే చప్పుడు రాలేదు. మూడు నిమిషాలు చూసి దగ్గరికి వెళ్లాడు. అక్క కళ్లు తెర మీదనే ఉన్నాయి. వేలు మీట మీద ఉంది. వేలి గోరు కొద్దిగా తెల్లబడుతోంది, మళ్లీ మామూలవుతోంది. ఆమె నొక్కుతూనే ఉంది. ఆ నొక్కు మీటకు చాలడం లేదు.

ఆదివారం నాడు ఆ వేలు నొక్కింది. గంటసేపు నొక్కింది, తప్పు అక్షరాల మీద. ఉన్న బలమంతా ఆ గంటలోనే ఖర్చయిందో, జబ్బు తన దారిన తాను ఈ మూడు రోజుల్లో వేలి దాకా వచ్చిందో ఎవరూ చెప్పలేరు. డాక్టరును తర్వాత అడిగితే, ఎప్పుడో ఒకప్పుడు పోవలసిన వేలే అన్నాడు. అందులో తమ్ముడికి ఊరట ఏమీ దొరకలేదు.

మీట విప్పి లోపలి స్ప్రింగు తీసి, దాని బదులు పెన్నులో ఉండే పలచటి స్ప్రింగు వేశాడు. ఇప్పుడు కాస్త పనిచేసింది. అతను ఆమె మణికట్టు కింద చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకున్నాడు. తెర అతనికీ కనబడక తప్పలేదు. అక్క కూడా ఇక అదేమీ పట్టించుకోలేదు. రెండున్నర గంటలు పట్టింది. మధ్యలో మూడుసార్లు ఆగింది. తెర మీద రెండు మాటలు నిలిచాయి.

"సరే. కాని"

ఆ తర్వాత పట్టీ దిగుతూనే ఉంది, మళ్లీ మళ్లీ. అక్క వేలు కదల్లేదు. ఊపిరి పైపైన ఆడుతోంది. అలసిపోయావా, రేపు రాస్తావా అని అడిగాడు. రెప్పలు మూసింది. అతను ఆ రెండు మాటలను సేవ్ చేసి, అయిందో లేదోనని రెండుసార్లు తెరిచి చూసుకున్నాడు.

గురువారం పొద్దున అక్కకు గొంతులో కఫం అడ్డుపడింది. ఆయా బోర్లించి వీపు తట్టినా కదల్లేదు. పెదవులు నీలమయ్యాయి. అంబులెన్సులో బావ ఉన్నాడు. తమ్ముడు పని మధ్యలోంచి ఆసుపత్రికి పరుగెత్తి, మెట్ల దగ్గర వాళ్లను కలిశాడు. లోపలి నుంచి డాక్టరు వచ్చి, ఇప్పటికి నోట్లోంచి గొట్టం వేసి ఊపిరి నిలిపాం, ఆవిడకు స్పృహ లేదు, మెడ దగ్గర పెట్టాలా వద్దా చెప్పండి, ఆవిడ ఏం చెప్పారు అని అడిగాడు.

"సరే అంది," అన్నాడు బావ. "నిన్న రాసింది. వీడు చూశాడు."

డాక్టరు తమ్ముడి వైపు చూశాడు.

"సరే అంది. తర్వాత, కాని అని కూడా అంది."

"కాని, ఏమిటి?"

"అక్కడ ఆగిపోయింది."

స్ట్రెచరు ఒకటి వాళ్ల పక్కనుంచి వెళ్లింది. బావ గోడకు ఆనుకున్నాడు. యూనిఫాం చొక్కా గుండీలు ఒక కాజా తేడాగా పెట్టుకుని ఉన్నాడు.

"ముందు సరే అందిగా," అన్నాడు బావ మెల్లగా. "ముందు అదేగా అంది."

తమ్ముడు కాదనలేదు. అవుననీ అనలేదు. డాక్టరు కాగితం తెచ్చాడు, బావ సంతకం పెట్టాడు.

అక్క బతికింది. ఇరవైరెండు రోజుల తర్వాత మెడలో గొట్టంతో, మంచం పక్కన మిషన్‌తో ఇంటికి వచ్చింది. వేలు పూర్తిగా పోయింది. ఆసుపత్రిలో ఒకావిడ కనుబొమ్మ మీద అంటించే చిన్న మీట ఇచ్చింది. కనుబొమ్మ ఎత్తితే చాలు. తమ్ముడు ఇంటికి వచ్చి అది తగిలించి, తెర పెట్టాడు. తెర చక్కగా ఉంది. ఫైలు తెరవగానే ఆ రెండు మాటలూ, వాటి చివర ఆరుతూ వెలుగుతూ ఉన్న గీతా కనిపించాయి. తీసెయ్యనా, అక్కడి నుంచే రాస్తావా అని అడిగాడు. అక్క ఆ రెండు మాటలనూ మళ్లీ చదివింది. తర్వాత కనుబొమ్మ ఎత్తడం మొదలుపెట్టింది. కొత్త కాబట్టి మెల్లగా సాగింది. లాప్‌టాప్ చదివింది.

"ఇప్పుడెందుకు."

అతను ఆమె పాదాల దగ్గర కూర్చుండిపోయాడు. అంతా తన వల్లనే అయిందని, చదవకుండా నొక్కానని చెప్పాడు. అక్క విన్నది. ఏడవకు అనలేదు. నీ తప్పు కాదు అని కూడా అనలేదు. కాసేపటికి దిండు చెవికి గుచ్చుకుంటోందని రాసింది. అతను లేచి దిండు సర్దాడు.

ఆ తర్వాత ఆమె చాలా రాసింది. కిటికీ వెయ్యమనీ, ఆయా మనవరాలికి జ్వరం తగ్గిందా అనీ, అచ్చాఫీసు నుంచి వచ్చిన కొత్త పుస్తకం మూడో పేజీలో రెండు తప్పులున్నాయనీ రాసింది. ఆ ఒక్కదాని మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం బావ వంటింట్లో టీ పోస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

"ఏం రాయాలనుకుందంటావు?"

తమ్ముడు దాని గురించి రోజూ ఆలోచించేవాడు. కొన్నాళ్లు మాత్రమే అని ఉండొచ్చు. నా కోసం ఉద్యోగం మానొద్దు అని ఉండొచ్చు. నేను ఆపమన్నప్పుడు ఆపాలి అని ఉండొచ్చు. ఒక్కొక్కటీ ఒక్కో రోజు నిజమనిపించేది.

"తెలీదు బావా," అన్నాడు.

బావ గ్లాసు అతని ముందు పెట్టాడు. తనది మాత్రం చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. లోపల మిషన్ సన్నగా కూత పెట్టింది. ఇద్దరూ వెళ్లారు. తమ్ముడు అక్క తల పట్టుకున్నాడు, బావ గొట్టంలో చేరిన తడిని సన్నటి పైపుతో లాగాడు. అక్క ఇద్దరిలో ఎవరి వైపూ చూడకుండా, పైకప్పు వైపు చూస్తూ పడుకుంది.